స్టోను అంటే ఏ రాయి?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మా ఆడబిడ్డ ఆళ్లగడ్డలో ఉంటుంది. ఆమె కూతురిది లండనులో కాపురం. ఈమధ్య ఒకనాడు ఆ పిల్ల ఫోను చేసి, "అమ్మా, రెండు నెలల్లో ఒక స్టోను పోయిందే!" అని సంబరంగా చెప్పిందట. తల్లికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంటాయనకు అదివరకు మూత్రపిండంలో రాయి ఏర్పడితే, ఆ నొప్పికి ఆయన నేలమీద పడి దొర్లడం కళ్లారా చూసిన మనిషి మరి. "ఎంత బాధపడ్డావో తల్లీ, ఒక్క మాటైనా చెప్పలేదే!" అని ఒకటే ఏడుపు. తీరా చూస్తే ఆ పిల్ల చెప్పింది ఒళ్లు తగ్గిన సంగతి! ఇంగ్లండులో మనిషి బరువును ఇప్పటికీ స్టోనుల్లో చెప్పుకుంటారు. ఒక స్టోను అంటే 14 పౌన్లు, మన లెక్కన 6 కిలోల 350 గ్రాములు.

మేమందరం నవ్వుకున్నాం. కానీ మనం మాత్రం తక్కువ తిన్నామా? కొట్లో తక్కెడ ముందు నిలబడి "రాళ్లు సరిగ్గా వేశావా నాయనా?" అని అడగమూ? ఇనుముతో పోత పోసినా మనకవి తూకంరాళ్లే. పూర్వం వాళ్లూ మనమూ రాళ్లతోనే తూచాం కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది.

ఈ కథ మా ఆడబిడ్డను వెక్కిరించడానికి చెప్పలేదు. ఇదే మాట మా వీధిలో ఇంకొకరికి ప్రాణం మీదికి తెచ్చింది. దానికి ముందు ఆ మాట సంగతి కాస్త చూద్దాం.

ఉంగరంలో పొదిగిన రవ్వ స్టోనే. పండులో టెంక స్టోనే. వడగల్లు హెయిల్‌స్టోను. మన బనగానపల్లెనే తీసుకోండి. ఒకప్పుడు అక్కడి నేలలో వజ్రాలు తవ్వారు. ఆ ఊరి పేరున్న మామిడిపండు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఇక ఆ చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చేవే మన వంటింటి గట్టు మీది నాపబండలు. వజ్రం, టెంక, నాపరాయి. ఇంగ్లీషువాడికి మూడూ స్టోనులే!

పిల్లల పుస్తకాల్లో సమానార్థకాలని స్టోను, రాక్, పెబుల్, బౌల్డర్ అని వరసగా రాసేస్తారు. నిజానికి ఒకదాని చోట ఇంకొకటి కుదరదు. భూమిని అంటిపెట్టుకుని ఉన్న బండ రాక్. అందులోంచి విడివడి చేతికీ పనికీ వచ్చింది స్టోను. ఏటి నీళ్లలో దొర్లి దొర్లి నున్నబడింది పెబుల్, అంటే మన గులకరాయి. కొండ కింద ఏనుగుల్లా పడి ఉండే గుండ్లు బౌల్డర్లు. అమెరికావాళ్లు మాత్రం కాకిని కొట్టే చిన్న రాయిని కూడా రాక్ అనేస్తారు, అది వేరే సంగతి.

మన భాషలోనూ రాయి ఒక్కటే కాదు. కల్లు అని ఒక పాతమాట ఉంది (తాగేది కాదు సుమండీ!). పెళ్లిలో తొక్కించే సన్నికల్లులో, బంగారం గీచి చూసే ఒరగల్లులో, వానతో పడే వడగల్లులో అదే దాక్కుని ఉంది. పులుసు కాచే రాచిప్పలో 'రా' కూడా రాయే. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి వెళ్లి "ఈ రాయి ఎక్కడిది?" అని నేనొకసారి అడిగితే, "శిల అనాలమ్మా" అని మెల్లిగా సరిదిద్దారు. శిల్పశాస్త్రం శిలల్లో ఆడా మగా కూడా చెప్పింది. తడితే గంటలా మోగేది పురుషశిల, అది దేవుడి మూర్తికి. మెత్తగా పలికేది స్త్రీశిల, అది అమ్మవార్లకూ పీఠాలకూ. నాదం లేనిది నపుంసకశిల, అది అడుగున వేయడానికి.

భూగర్భ శాస్త్రజ్ఞులకూ స్టోను అన్న మాట చాలక మన ఊళ్ల పేర్లు అరువు తెచ్చుకున్నారు. బనగానపల్లె క్వార్ట్‌జైటు, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోయిలకుంట్ల లైమ్‌స్టోను, నంద్యాల షేలు అని మన కింది రాతిపొరలకు వాళ్ల పుస్తకాల్లో పేర్లు. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోవే ఈ ఊళ్లన్నీ.

ఇక అసలు సంగతి. నంద్యాలలో మా ఎదురింటి అక్కయ్యకు నూనె వంటలు తిన్నప్పుడల్లా కుడివైపు డొక్క కింద నొప్పి వచ్చేది. స్కానింగు తీసి డాక్టరుగారు, "స్టోన్సున్నాయమ్మా, ఆపరేషను చేయించుకుంటే మంచిది" అన్నారు. స్టోన్సు అన్న మాట చెవిన పడ్డాక, ఆ వెనక మాట ఆమెకు వినపడలేదు. అరటి దూట రసం, ఉలవకట్టు, బిందెడు నీళ్లు. ఇలా నాలుగు నెలలు గడిపింది. దూట తెచ్చి ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది, తెల్లారేసరికి కళ్లు పచ్చబడ్డాయి. ఆమె రాళ్లు మూత్రపిండంలో కావు, పిత్తాశయంలో. అందులో ఒకటి జారి పైత్యరసం దిగే గొట్టానికి అడ్డం పడింది. ఆస్పత్రికి ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో!

మూత్రం దారిలో ఉన్న చిన్న రాయి, 5 మిల్లీమీటర్ల లోపుది, చాలాసార్లు నీళ్లు బాగా తాగితే దానంతటదే పడిపోతుంది. వీపు పక్క నుంచి గజ్జల్లోకి దిగే నొప్పి దానిది. పిత్తాశయంలోకి మనం తాగే నీళ్లు వెళ్లవు. అక్కడి రాళ్లు ఎక్కువగా కొలెస్టరాలు గడ్డకట్టి ఏర్పడేవి. వాటి నొప్పి డొక్క కింద మొదలై ఒక్కోసారి కుడి భుజం దాకా పాకుతుంది. నొప్పే లేకపోతే డాక్టర్లు చాలామందికి ఏమీ చేయనక్కర్లేదంటారు. మొదలైతే మాత్రం పిత్తాశయాన్ని తీయించుకోమంటారు. ఇవి మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ, అందులోనూ బిడ్డల్ని కన్నవాళ్లకు. బియ్యంలో రాళ్లు కడుపులోకి పోవడం వల్ల ఈ రెండూ రావు. కాబట్టి అత్తగార్లూ, కోడలు బియ్యం సరిగా ఏరలేదని దెప్పకండి.

స్కానింగు కాగితంలో స్టోను అన్న మాట ఉండకపోవచ్చు. కాల్క్యులస్ అనో, రాళ్లు ఎక్కువైతే కాల్క్యులై అనో ఉంటుంది. లాటిన్ భాషలో అది చిన్న గులకరాయి. రోమనులు గులకరాళ్లు పేర్చి లెక్కలు కట్టేవాళ్లు కాబట్టి మన పిల్లలు కాలేజీలో కుస్తీపట్టే లెక్కలకూ ఆ పేరే వచ్చింది. ఇంకోచోట లిథియాసిస్ అని రాస్తారు. గ్రీకులో లిథోస్ అంటే రాయి. దాని ముందున్న ముక్కే మనకు కావలసింది. కోలె అని ఉంటే పైత్యరసం, నెఫ్రో అని ఉంటే మూత్రపిండం. రీనల్ అన్నా మూత్రపిండమే. గాల్‌బ్లాడర్ అంటే పిత్తాశయం. ఇవేవీ గుర్తుండకపోతే మొహమాటపడకుండా డాక్టరునే అడగండి. రాయి ఎక్కడుంది, నీళ్లతో పోయేదా కాదా అని.

అక్కయ్య ఆపరేషనయి ఇంటికొచ్చింది. తీసిన రాళ్లను చిన్న సీసాలో వేసి ఇచ్చారు. శనగబద్దంతేసి, గోధుమరంగువి, తొమ్మిది. చూడ్డానికి వచ్చిన మా ఆడబిడ్డ సీసా ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ ఆడించి, "వదినా, ఇవన్నీ కలిపి ఎన్ని గ్రాములుంటాయంటావ్?" అంది.