దీపాలదిన్నె శిలలు

పూర్వము మద్రాసు చూడబోయిన మన పల్లెవాసులు అచ్చటి జంతుప్రదర్శనశాలను ‘బ్రతికిన కాలేజి’ అనియు, ఎగ్మూరులోని మ్యూజియమును ‘చచ్చిన కాలేజి’ అనియు పిలుచుచుండెడివారు. ఆ మాటలో హాస్యమెంత కలదో సత్యమును అంతయే కలదు. అన్నము వండని కుండ, ఒరనుండి వెడలని కత్తి, ధూపదీపములు లేని విగ్రహము, ఇవన్నియు వాడుక తప్పినవి గనుక చచ్చినవే యనవచ్చును. అయినను, పేరు తలచుకొను బంధువులున్నంతకాలము చనిపోయినవాడు ఆ యింటిలో పూర్తిగా లేకపోడు. వస్తువు సంగతియు అంతియే. దానిని తనదిగా గుర్తుపట్టువాడు వచ్చి యెదుట నిలిచినప్పుడు దానికి రెండవ బ్రతుకు మొదలగును. ఆ గుర్తుపట్టుట యెంత ఆలస్యముగా సంభవించునో తెలిసికొనుటకు, ఆ ‘చచ్చిన కాలేజి’లోనే యున్న అమరావతి శిలలకు మించిన నిదర్శనము మనకు లేదు.

కృష్ణానది దక్షిణతీరమున, నేడు ధరణికోటయై మిగిలిన ప్రాచీన ధాన్యకటక నగరమునకు చేరువను, క్రీ.పూ. 3వ శతాబ్ది ప్రాంతమున మొదలై, శాతవాహనుల కాలమున క్రీ.శ. 2వ శతాబ్ది నాటికి పూర్ణవైభవము నందిన బౌద్ధ మహాచైత్యమొకటి యుండెను. దానిని కప్పిన శిల్పఫలకములు పల్నాటి సీమలో దొరకు, లేతపచ్చని ఛాయగల తెల్లని రాతివి. ఆంగ్లేయులు దానిని పాలరాయి యనిరి గాని, నిజమునకది సున్నపురాయి. ఆ ఫలకములలో అనేకము సామాన్యుల దానములు. వర్తకులు, సుగంధద్రవ్యములు అమ్మువారు, గృహిణులు, భిక్షుణులు తమ శక్తికొలది ఒక రాతినో, ఒక స్తంభమునో సమర్పించి, తమ పేర్లను, తమవారి పేర్లను బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో దానిపై చెక్కించుకొనిరి. ఆ శాసనములలోనే కానవచ్చిన ‘నాగబు’ అను పదమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మనకు దొరకిన తొలి తెలుగు మాటగా గుర్తించిరి.

బౌద్ధము క్షీణించినపిదప చైత్యము మట్టిదిబ్బయై, ఆ దిబ్బకు దీపాలదిన్నె యను పేరు నిలిచెను. 18వ శతాబ్ది చివరి సంవత్సరములలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లినుండి తమ నివాసమును అమరావతికి మార్చుకొని, క్రొత్తపట్టణము కట్టింపబూనగా, ఇటుకలకును రాళ్లకును దిబ్బను త్రవ్వసాగిరి. కొన్ని ఫలకములు కట్టడములలో చేరినవి; కొన్ని బట్టీలలో కాలి సున్నమైనవి. మన కన్నులకిది ఘోరముగా తోచును గాని, ఆనాటివారిని నిందించుటకు ముందు ఒక సంగతి తలచుకొనవలెను: బ్రాహ్మీలిపిని ప్రిన్సెప్ పండితుడు చదువగలిగినది 1837లో. అనగా, ఆ రాళ్లపై తమ పూర్వుల పేర్లే యున్నవని త్రవ్వినవారికిగాని త్రవ్వించినవారికిగాని తెలియు మార్గమే లేదు.

18వ శతాబ్ది ముగియకమునుపే సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఆ స్థలమును చూచిపోయెను. 1816లో మరల వచ్చి, చిత్రకారులచే శిల్పములకు ప్రతులు వ్రాయించెను. వానిలో కొన్నింటికి మూలమైన శిలలు నేడు లేవు, కాగితము మాత్రమే కలదు. 1845లో ప్రభుత్వాధికారి వాల్టర్ ఇలియట్ మరికొన్నింటిని వెలికి తీయించి మద్రాసునకు పంపగా, అవి అక్కడ చాలకాలము ఆరుబయట ఎండకెండి వానకు తడిసి, 1859లో ఓడనెక్కి లండను చేరినవి. అచ్చటను వానికి వెంటనే ఆదరము లభింపలేదు. 1867లో వాస్తుకళాచరిత్రకారుడైన జేమ్స్ ఫెర్గూసన్ కంటబడునప్పటికి అవి బండ్లు నిలుపు కొట్టములో పడియుండెను. తుదకు 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరి, నేడు ప్రత్యేకమందిరములో ఉన్నవి. తరువాతి త్రవ్వకములలో దొరకినవి పెక్కు మద్రాసులో నిలిచినవి. కొన్ని కలకత్తాలోను, కొన్ని పారిసులోను కలవు. మిగిలినవి అమరావతిలోని మ్యూజియములో నున్నవి. ఒక్క చైత్యమును పూర్తిగా చూడదలచినవాడు సముద్రములు దాటవలెను.

ఇట్లు చెదరిన శిలలు ఒక్కొక్కచోట ఒక్కొక్క కథ చెప్పుచున్నవి. లండనులోని యొక ఫలకమునకు రెండువైపుల శిల్పము కలదు: ఒకవైపు బుద్ధునికి మారుగా బోధివృక్షమును పూజించు భక్తులు, తరువాతికాలమువారు అదే రాతిని త్రిప్పి రెండవవైపున చెక్కిన అలంకృతస్తూపము. అచ్చటి ప్రేక్షకునకది కళాచరిత్రలో నొక ఘట్టము. మద్రాసువారికి తమచోటనున్న శిలలు దక్షిణాది శిల్పమునకు తలమానికము. అమరావతిలో నిలిచి చూచువానికి, అక్కడ మిగిలిన రాయి కాలిక్రిందనున్న నేలకు చిరునామా. తరలిపోయిన రాయి మిగిలినది, ఊరిలోనున్న రాయి సున్నమైనది అను చేదునిజమును మనము దాచుకొనరాదు. అంతమాత్రమున తీసికొనిపోయినది ధర్మమైపోదు. ఆ శిలలు తిరిగి రావలెనని అడుగుట న్యాయమే. కాని ఊరిలోనే యున్నవానిని ఒకసారియైన చూడనివాని నోట ఆ కోరికకు బలముండదు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమరావతి శిల్పసంప్రదాయము ననుసరించి తన రాజముద్రను రూపొందించుకొనగా, అందు ధర్మచక్రముతోపాటు పూర్ణఘటము చోటుచేసికొనెను. నేడు ప్రతి ప్రభుత్వపత్రముపైనను కనబడు ఆ నిండుకుండను చూచినప్పుడు, పాఠకులు అమరావతి శాసనములలో ఒకదానిని తలచుకొందురుగాక. నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు, విధికుడను చర్మకారుడు, తల్లితోను, భార్యతోను, సోదరులతోను, కొడుకుతోను, కూతుళ్లతోను, బంధుమిత్రులతోను కలిసి, పూర్ణఘటము చెక్కిన ఫలకమొకటి మహాచైత్యమునకు దానమిచ్చెనని ఆ శాసనము చెప్పుచున్నది.