కత్తి పడితే క్యాన్సర్ పాకుతుందా?

రండర్రా పిల్లలూ, ఇలా కూర్చోండి. మన రాజాం చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఓ మాట అంటుంటారు: "పుండు మీద కత్తి పడితే ఒళ్ళంతా పాకేస్తాది" అని. ఆ భయంతో ఆపరేషన్ మానుకునేవాళ్ళూ ఉన్నారు. అందులో నిజమెంతో మూత్రాశయం క్యాన్సర్ సంగతి వింటే తెలుస్తుంది.

మూత్రాశయం అంటే అరలీటరు దాకా పట్టే కండరపు సంచి. దాని లోపొరలో పుట్టిన క్యాన్సర్ ముదిరితే మామూలుగా లింఫు గ్రంథులకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు పోతుంది. తొలిదశలో గడ్డ తీయడానికి పొట్ట కోయరు. మూత్రం వచ్చే దారిలోంచే గొట్టం పంపి, సంచిని ద్రవంతో నింపి, కరెంటు తీగతో గడ్డను చెక్కేస్తారు.

చిక్కంతా సంచి పక్కగోడ దగ్గర. తొడను కదిలించే ఆబ్చురేటర్ నరం దాని పక్కనుంచే పోతుంది. కరెంటు ఆ నరానికి సోకితే తొడ ఒక్కసారిగా అదురుతుంది, తీగ గోడలోకి దిగిపోవచ్చు. అలాంటి చిల్లులు చాలావరకు కొన్నాళ్ళు మూత్రం పోయే గొట్టం ఉంచితే మానిపోతాయి. అరుదుగా చిల్లు కడుపు లోపలి కుహరంలోకి తెరుచుకుంటుంది. కలుపు తీస్తుండగా గట్టు తెగితే, పీకిన కలుపు నీళ్ళతో పక్క మడిలోకి పోయి వేళ్ళూనుకోదూ? అలాగే తెగిన కణాలు ద్రవంతో పాటు కారి, పేగుల మీది పొరకు అంటుకుని పెరిగిన సందర్భాలు వైద్యులు చూశారు.

అలా పాకడం చాలా అరుదు. అసలు చిల్లే పడకుండా, అవసరమైతే ముందుగా ఆ నరానికి మత్తిస్తారు, సంచిని మరీ ఉబ్బనివ్వరు. చిల్లు లేదనుకుంటే, తగినవాళ్ళకు కొన్ని గంటల్లోనే మైటోమైసిన్ లాంటి మందు సంచిలోకి ఎక్కించి, తేలుతున్న కణాలను చంపుతారు.

గడ్డను అలాగే వదిలేయడమే అసలు ప్రమాదం. అది కండరంలోకి దిగితే సంచినే తీసేయాల్సి రావచ్చు. అందుకే నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే "వేడి చేసింది"లే అని కొబ్బరినీళ్ళతో సరిపెట్టకండి. ఒక్కసారి కనిపించి ఆగిపోయినా చూపించుకోవాలి. ఈ జబ్బుకు పెద్ద కారణం పొగాకు. పొగలోని విషాలు నెత్తురులో కలిసి, మూత్రపిండాలు దాటి, సంచిలో నిలుస్తాయి. మన వైపు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం, అంగిలిని కాలుస్తుందని అందరికీ తెలుసు. పొగాకు చేసే చేటు నోటితో ఆగదు నాన్నా.

ఆపరేషన్ అయ్యాక కడుపు ఉబ్బినా, నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ క్యాన్సర్ మళ్ళీ మొలిచే రకం, అందుకే మూడు నెలలకోసారి గొట్టంతో సంచి లోపల చూపించుకోమంటే మానకూడదు. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, మనకు మరీ దూరం కాదు. ఇంట్లో తాతలూ మామ్మలూ సిగ్గుపడి దాస్తారు. మీరే అడిగి తెలుసుకుని, వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి.