పాత అంబాసిడర్‌లో సన్న నల్ల వైరు

"ఇంజిను ఆపేశాక బ్యాటరీ డైనమోని మోటారులా తిప్పెయ్యదా సార్?" డైనమోకీ మోటారుకీ నిర్మాణంలో తేడా లేదని చెప్పిన రోజున వెనక బెంచీ కుర్రాడు వేసిన ప్రశ్న ఇది. తిప్పాల్సిందే. ఫ్యాన్ బెల్టు తీసేసి, డైనమో మీది డి, ఎఫ్ టెర్మినళ్లు రెండూ కలిపి బ్యాటరీకి తగిలిస్తే అది నిక్షేపంగా తిరుగుతుంది. డైనమో బాగుందో లేదో చూడటానికి మెకానిక్కులు చేసే పరీక్షే అది. బెల్టు ఉంటే మాత్రం ఇంజినంతటినీ తిప్పే సత్తా దానికి లేదు. తిరగని ఆర్మేచర్‌లో ఎదురు ఓల్టేజి పుట్టదు, దాని నిరోధమా ఓమ్‌లో చిన్న భిన్నం. అందుకని బ్యాటరీ నుంచి పదుల ఆంపియర్లు దానిలోకి దూకుతాయి, వైర్ల తొడుగులు పొగలు కక్కుతాయి.

పాత కారుకి కొత్త వైరింగ్ వేసేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది దీని గురించే. ఆ కారులో ఛార్జింగ్ తీగలన్నీ ఈ ప్రమాదాన్ని ఆపే ఒక చిన్న నల్ల పెట్టె దగ్గరికే చేరతాయి మరి.

అంబాసిడర్‌నే తీసుకుందాం. ఇంగ్లండులో పుట్టిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు బెంగాల్‌లోని ఉత్తరపారా చేరి అంబాసిడర్ అయింది, 2014 దాకా తయారవుతూనే ఉంది. తొలి తరాల బండ్లలో ఉన్నది బర్మింగ్‌హామ్ లూకాస్ కంపెనీ పద్ధతి విద్యుత్ వ్యవస్థ. బానెట్ ఎత్తితే కనిపించే ఆ మూతపెట్టెని మన ఆటో ఎలక్ట్రీషియన్లు మొత్తంగా కటౌట్ అంటారు. మూత తీస్తే లోపల రాగి తీగ చుట్టిన బాబిన్లు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి అసలు కటౌట్, రెండోది ఓల్టేజి రెగ్యులేటర్. ట్రాన్సిస్టర్ లేదు, డయోడ్ లేదు. ఇనుము, రాగి, స్ప్రింగు, అంతే.

కటౌట్ బాబిన్ మీద చుట్లు రెండు రకాలు. సన్న తీగతో వేల చుట్లు డైనమో డి టెర్మినల్ నుంచి అర్తుకి, అంటే కారు బాడీకి, కలిసి ఉంటాయి. డైనమో ఎంత ఓల్టేజి ఇస్తోందో చూడటం వీటి పని. లావు తీగతో కొద్ది చుట్లు ఛార్జింగ్ కరెంటు దారిలోనే ఉంటాయి. ఇంజిను వేగం అందుకుని డైనమో దాదాపు 13 ఓల్టులకు చేరగానే సన్న చుట్ల అయస్కాంతం పైనున్న ఇనపరేకుని లాగుతుంది, పాయింట్లు కలుస్తాయి, డైనమో బ్యాటరీతో జతపడుతుంది. ఇప్పుడు లావు చుట్లలో కరెంటు బ్యాటరీ వైపు పారుతూ అదే అయస్కాంతాన్ని ఇంకా బలపరుస్తుంది, పాయింట్లు గట్టిగా అతుక్కుంటాయి. ఇంజిను నెమ్మదించిందనుకోండి. డైనమో ఓల్టేజి బ్యాటరీ కన్నా కిందికి పడి, కరెంటు వెనక్కి మళ్లుతుంది. మళ్లిన ఆ కరెంటు కూడా లావు చుట్ల గుండానే రావాలి. దిశ మారింది కాబట్టి అది సన్న చుట్ల అయస్కాంతానికి ఎదురు నిలుస్తుంది. నాలుగైదు ఆంపియర్లు వెనక్కి వచ్చేసరికే లాగే బలం తరిగిపోయి స్ప్రింగు గెలుస్తుంది, పాయింట్లు విడిపోతాయి. దారి తప్పిన కరెంటు తన దారిని తానే తెంపుకుంటుంది! ఓల్టేజి ఎంతో ఒక చుట్ట చెబుతుంది, కరెంటు ఎటు పోతోందో రెండో చుట్ట చెబుతుంది, రెండూ కలిపి ఒక్క రేకు తీర్పు ఇస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

పక్క బాబిన్‌ది ఇంకో గొడవ. డైనమో ఓల్టేజి ఇంజిను వేగంతో పాటు పెరుగుతూ పోతుంది, అడ్డుకునేవాళ్లు లేకపోతే బల్బులు మాడతాయి, బ్యాటరీ నీళ్లు ఉడుకుతాయి. రెగ్యులేటర్ పాయింట్లు మామూలుగా మూసుకుని, డైనమోలో అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డు చుట్టలకి పూర్తి కరెంటు పంపుతాయి. ఓల్టేజి హద్దు దాటగానే బాబిన్ రేకుని లాగి పాయింట్లు తెరుస్తుంది. ఇక ఫీల్డు కరెంటు పెట్టె వెనకున్న ఒక నిరోధం గుండా పోవాలి. అయస్కాంతం బలహీనపడుతుంది, ఓల్టేజి దిగుతుంది, రేకు వదులవుతుంది, పాయింట్లు మళ్లీ మూసుకుంటాయి. సెకనుకు పదుల సార్లు ఇదే తంతు. మీటరు ముల్లు మాత్రం కదలదు, ఎందుకంటే ఫీల్డు చుట్టల ప్రేరకత్వం కరెంటుని అంత త్వరగా మారనివ్వదు. ఇంజిను వేగం పెరిగేకొద్దీ పాయింట్లు తెరుచుకుని ఉండే వాటా పెరుగుతుంది. నేటి ఎలక్ట్రానిక్స్ పాఠాల్లో పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అని చెప్పే సూత్రాన్ని ఒక ఇనపరేకు వణుకుతూ చేసి చూపించింది.

ఈ పద్ధతి పోటీ లేకుండా గెలవలేదు. దానికి ముందు మూడో బ్రష్షు రాజ్యమేలింది. 1919 నుంచి ఫోర్డ్ మోడల్ టి జనరేటర్‌లోనూ అదే. కామ్యుటేటర్ మీద మామూలు రెండు బ్రష్షులకు తోడు మూడోదొకటి పెట్టి, ఫీల్డుకి కరెంటు దాని నుంచి ఇస్తారు. ఆర్మేచర్‌లో కరెంటు పెరిగినకొద్దీ లోపలి అయస్కాంత క్షేత్రం పక్కకి ఒరిగిపోతుంది, మూడో బ్రష్షుకి అందే ఓల్టేజి తగ్గుతుంది, ఫీల్డు దానంతటదే పలచబడుతుంది. కదిలే పాయింట్లు లేవు, ధర తక్కువ. అందమైన ఆలోచనే. అయితే అది బ్యాటరీ నిండిందో లేదో చూడదు. కరెంటుని అదుపు చేస్తుంది గానీ ఓల్టేజిని కాదు. అందుకే అప్పట్లో ఎండలో దూరప్రయాణం చేసేవాళ్లు బ్యాటరీ ఉడికిపోకుండా పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకుని వెళ్లేవారు. బ్యాటరీ తీగ ఊడిందా, ఓల్టేజి పైకెగిరి బల్బులు వరసగా పోయేవి. 1930ల నడుమ నుంచి వణికే రేకు మూడో బ్రష్షుని ఒక్కొక్క కారు నుంచీ వెళ్లగొట్టింది. నా ఓటు రేకుకే.

ఇక తీగల సంగతి. పాత తీగలకి రబ్బరు తొడుగు, దానిపై నూలు అల్లిక ఉండేవి. ఇంజిను వేడికి, గాలికి రబ్బరు గట్టిపడి పెళుసెక్కుతుంది, వంచితే పెటపెటమని రాలుతుంది. రబ్బరులోని గంధకం రాగిని నల్లబరుస్తుంది. తర్వాత వచ్చిన పివిసి నయమే గానీ, దాన్ని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ల తరబడి బయటికి పోయి అదీ బిగుసుకుపోతుంది. మన దగ్గర ఎలుకలు సరేసరి.

కానీ పాత కారులో వెలుగు తగ్గడానికి ఎక్కువసార్లు కారణం తెగిన తీగ కాదు, చిలుము పట్టిన అతుకు. రెండు 45 వాట్ల హెడ్‌లైట్లు 12 ఓల్టుల దగ్గర ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటాయి. దారిలో ఎక్కడో 0.16 ఓమ్ నిరోధం చేరితే 1.2 ఓల్టులు అక్కడే ఆగిపోతాయి. ఓల్టేజిలో పదో వంతు పోతే తంతు బల్బు వెలుగులో మూడో వంతు దాకా పోతుంది. పోయిన శక్తి ఎక్కడికి? ఆ ఒక్క అతుకు దగ్గర 9 వాట్ల వేడిగా. అతుకు వేడెక్కితే ఇంకా చిలుము, ఇంకా నిరోధం. అందుకే హెడ్‌లైట్ల దారికి సన్న తీగ వాడకూడదు. 0.30 మిల్లీమీటర్ల పోగులు 28 కలిపిన రెండు చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి.

రంగులు కూడా ఊరికే పెట్టినవి కావు. లూకాస్ పద్ధతిలో గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు ఉండే తీగ, ఫ్యూజు లేనిది. తెలుపు తాళం తిప్పాక బతికేది. ఆకుపచ్చ తాళమూ ఫ్యూజూ రెండూ దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లకి, నలుపు అర్తుకి. దొరికిన రంగు వైరుతో అతుకులు పడ్డ బండిలో ఈ భాష పోతుంది, తర్వాత చేయిపెట్టేవాడికి కళ్లకి గంతలు కట్టినట్టే. పాత కట్టని తీసేయకముందే ప్రతి చివరికీ చీటీ కట్టాలి.

నల్ల వైరు గురించి చెప్పాలి. కటౌట్ పెట్టె మీద ఇ అనే టెర్మినల్ నుంచి బాడీకి పోయే సన్న తీగ అది. దానిలో పారే కరెంటు అతి తక్కువ, అందుకే వైరింగ్ మార్చేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. రంగు వేసిన బాడీ రేకు మీదే స్క్రూ బిగించి వదిలేస్తారు. కానీ సన్న చుట్టలు రెండూ ఓల్టేజిని కొలిచేది ఆ తీగతోనే. అక్కడ నిరోధం చేరితే రెగ్యులేటర్ చుట్టకి అసలు కన్నా తక్కువ ఓల్టేజి అందుతుంది, డైనమో ఇంకా ఇవ్వొచ్చనుకుని పాయింట్లు మూసే ఉంచుతుంది. బల్బులు మాడతాయి. తీగ పూర్తిగా తెగితే కటౌట్ అసలు మూసుకోనే మూసుకోదు. డైనమో బ్యాటరీకి ఏమీ ఇవ్వకుండా తన ఓల్టేజిని తానే పెంచుకుంటూ కాలిపోతుంది. వైరింగ్ మొత్తంలో నేను ముందు రేకు గీకి, మెరిసే ఇనుము మీద బిగించేది ఆ తీగనే.

బ్రిటిష్ పాత కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉండేది. మైనస్ అర్తుకి మార్చేవాళ్లు బ్యాటరీ తిప్పితే సరిపోదు. డైనమో ఏ దిశలో ఓల్టేజి పుట్టించాలో దాని ఇనుములో మిగిలిన కొద్దిపాటి అయస్కాంతమే నిర్ణయిస్తుంది. బ్యాటరీ తిప్పి కలిపాక, ఎఫ్ టెర్మినల్ నుంచి తీగ విప్పి, బ్యాటరీ లైవ్ నుంచి వచ్చిన ఒక తీగతో ఆ టెర్మినల్‌ని క్షణం పాటు నిప్పురవ్వలు వచ్చేలా తాకిస్తే చాలు, ఇనుము కొత్త దిశని గుర్తుపెట్టుకుంటుంది.

డైనమో తర్వాతి చరిత్ర పొట్టిది. సిలికాన్ డయోడ్లు చవకయ్యాయి, 1960లో క్రైస్లర్ వేలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టింది, డయోడ్లు కరెంటుని వెనక్కి రానివ్వవు కాబట్టి కటౌట్ అక్కర్లేకపోయింది. మన అంబాసిడర్‌కీ ఆల్టర్నేటర్ వచ్చింది.

పాత పెట్టెని ఉంచుకునేవాళ్లకి ఒక జాగ్రత్త. రెగ్యులేటర్ పాయింట్లు టంగ్‌స్టన్‌వి, గట్టివి. వాటిని సన్నని కార్బోరండం రాయితో రుద్దాలి. కటౌట్ పాయింట్లు మెత్తని వెండివి. వాటికి నాజూకు గాజు కాగితమే వాడాలి, కార్బోరండం రేణువు గుచ్చుకుంటే వెండిలోనే ఉండిపోతుంది. రుద్దాక స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి మూత పెట్టాలి.