పిట్టపోరు పిల్లి తీర్చింది

ఒక ఊరు. ఆ ఊర్లో ఒక ఇంటి పెద్ద చనిపోయాడు. పదెకరాల పొలం ఉంది. కొడుకులు ఉన్నారు. బిడ్డ కొడుకు ఉన్నాడు. ఎవరికి ఏమి ఇవ్వాలో పెద్దాయన నలుగురి ముందు చెప్పలేదు. కాగితం మీద రాయలేదు. దినాలు కాకముందే ఇంట్లో పంచాయితీ మొదలైంది. ఒకడు వకీలు దగ్గరికి పోయాడు. ఒకడు షావుకారు దగ్గర అప్పు తెచ్చాడు. పాలోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకోవడం మానేశారు. ఐదేళ్లు గడిచాయి. పొలంలో సగం షావుకారు చేతికి పోయింది.

ఇటువంటి కథ ప్రతి ఊర్లో ఒకటైనా ఉంటుంది. ఇదే కథ ఒక రాజ్యంలో జరిగితే ఏమవుతుంది? పొలం పోయినట్టే నేల పోతుంది. ఊళ్లు పోతాయి. జనం చేతులు మారుతారు.

అటువంటిది మన దగ్గరే జరిగింది. 1748 నుంచి 1762 వరకు, పద్నాలుగేళ్లు సాగింది. సిద్దిపేట, మెదక్ ఊళ్లు కూడా అప్పుడు ఆ రాజ్యంలోనే ఉన్నాయి.

ఏడుగురా? పది మందా?

హైదరాబాదును ఏడుగురు నిజాములు ఏలారని అందరూ చెబుతారు. మొదటి నిజాం పేరు మీర్ ఖమ్రుద్దీన్. ఏడవ నిజాం పేరు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. కాని గద్దె మీద కూర్చున్నవారిని లెక్క పెడితే పది మంది అవుతారు. మొదటి నిజాంకు, రెండవ నిజాంకు మధ్య ముగ్గురు ఉన్నారు. ఆ ముగ్గురినీ ఏడుగురి లెక్కలో చేర్చరు. వాళ్లలో ఇద్దరు వచ్చినంత తొందరగానే పోయారు. ముగ్గురిలో ఒక్కడు కూడా గద్దె మీద ఉండి సహజంగా చనిపోలేదు.

పెద్దాయన పోయాడు

ఆ కాలంలో దేశంలో చాలా భాగం ఢిల్లీ మొగలాయి బాదుషాల కింద ఉండేది. దక్కనుకు వాళ్లు ఒక సుబేదారును పంపేవారు. సుబేదారు అంటే బాదుషా తరఫున ఏలేవాడు. మీర్ ఖమ్రుద్దీన్ అట్లా వచ్చినవాడే. ఢిల్లీ బలం తగ్గింది. 1724లో ఆయన యుద్ధం గెలిచి, ఈ నేలను తన చేతిలోకి తీసుకున్నాడు. పేరుకు సుబేదారు. పనికి రాజు. అప్పుడు రాజధాని హైదరాబాదు కాదు, ఔరంగాబాదు.

ఆయన 1748 జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. ఆయనకు ఆరుగురు కొడుకులు. పెద్ద కొడుకు ఘాజీయుద్దీన్ ఢిల్లీలో కొలువులో ఉన్నాడు. రెండవ కొడుకు నాసిర్ జంగ్ తండ్రి దగ్గరే ఉన్నాడు. కళ్ల ముందు ఖజానా ఉంది. సైన్యం ఉంది. నాసిర్ జంగ్ వెంటనే గద్దె ఎక్కాడు.

మేనమామ, మేనల్లుడు

పెద్దాయనకు ఒక బిడ్డ ఉంది. ఆమె కొడుకు ముజఫర్ జంగ్. "మా తాత గద్దెను నాకే ఇచ్చాడు" అన్నాడు అతడు. మేనమామ ఒప్పుకోలేదు. మేనల్లుడు ఊకోలేదు. అతడు సాయం కోసం బయటికి చూశాడు.

అప్పుడు సముద్రం ఒడ్డున ఇద్దరు పరదేశీ వర్తకులు ఉన్నారు. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు. మద్రాసులో ఇంగ్లీషువాళ్లు. బట్టల వ్యాపారానికి వచ్చినవాళ్లు. కాని వాళ్ల దగ్గర మంచి తుపాకులు, ఫిరంగులు ఉన్నాయి. కవాతు నేర్చిన సిపాయిలు ఉన్నారు. పుదుచ్చేరి గవర్నరు డూప్లే ముజఫర్ జంగ్ పక్షం చేరాడు. ఇంగ్లీషువాళ్లు నాసిర్ జంగ్ పక్షం చేరారు. ఇంటి కొట్లాట ఊరి కొట్లాట అయింది.

1750లో నాసిర్ జంగ్ పెద్ద సైన్యంతో దక్షిణానికి వెళ్లాడు. మేనల్లుడు లొంగిపోయాడు. మేనమామ అతన్ని బందీగా పెట్టాడు. ఇక కథ అయిపోయిందని అనుకున్నాడు. కాని నాసిర్ జంగ్ వెంట ఉన్న పఠాను నవాబులు లోపల లోపల ఫ్రెంచివాళ్లతో కలిశారు. డిసెంబరులో సెంజి కోట దగ్గర ఫ్రెంచివాళ్లు రాత్రి పూట దాడి చేశారు. నాసిర్ జంగ్ ఏనుగు ఎక్కి బయటికి వచ్చాడు. తన పక్షం నవాబే తుపాకీ పేల్చాడు. నాసిర్ జంగ్ చనిపోయాడు. గద్దె మీద ఉన్నది రెండున్నరేళ్లు.

రెండు నెలల నిజాం

ఆ రోజే ముజఫర్ జంగ్ సంకెళ్లు ఊడాయి. ప్రొద్దున బందీ, మాపటికి నిజాం. పుదుచ్చేరిలో పెద్ద పండుగ చేశారు. డూప్లేకు గొప్ప బిరుదులు, ఊళ్లు ఇచ్చాడు. తరువాత హైదరాబాదు దారి పట్టాడు. వెంట ఫ్రెంచి సేనాపతి బుస్సీ ఉన్నాడు.

అయితే గద్దె ఎక్కించిన నవాబులు తమ కూలి అడిగారు. "మాకు ఇంకా జాగీర్లు కావాలి. కప్పం తగ్గించాలి" అన్నారు. అడిగినంత దొరకలేదు. 1751 ఫిబ్రవరిలో కడప సీమలో, రాయచోటి దగ్గర వాళ్లు తిరగబడ్డారు. ఆ కొట్లాటలో ముజఫర్ జంగ్ చనిపోయాడు. గద్దె మీద ఉన్నది రెండు నెలలు. ఎక్కించిన చేతులే దించాయి.

రోములోనూ ఇదే కథ

ఇది మన దగ్గరే జరిగిందని అనుకోవద్దు. చాలా దూరాన రోము అనే మహారాజ్యం ఉండేది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట, 69వ సంవత్సరంలో, ఒక్క ఏడాదిలోనే అక్కడ నలుగురు చక్రవర్తులు మారారు. మొదటివాణ్ణి సిపాయిలు చంపారు. రెండవవాడు ఓడిపోయి తనను తానే పొడుచుకున్నాడు. మూడవవాణ్ణి కూడా చంపారు. నాలుగవవాడు వెస్పాసియన్. అతడు పదేళ్లు ఏలాడు.

193వ సంవత్సరంలో ఇంకా వింత జరిగింది. చక్రవర్తికి కాపలా ఉండే సిపాయిలే చక్రవర్తిని చంపారు. తరువాత గద్దెను వేలం పాట పెట్టారు. సంతలో ఎడ్లను పాడినట్టు పాడారు. జూలియానస్ అనే ధనవంతుడు ఎక్కువ పాడి గద్దె ఎక్కాడు. అరవై ఆరు రోజులకే అతన్ని కూడా చంపారు.

రోములో అయినా, దక్కనులో అయినా కారణాలు ఒకటే. ఒకటి, పెద్దాయన తరువాత ఎవరు అనేదానికి అందరూ ఒప్పుకునే పద్ధతి లేదు. రెండు, ఎవరి వెంట సైన్యం ఉంటే వాడే రాజు. మూడు, సైన్యానికి జీతం కావాలి. జీతం ఆగితే సైన్యం ఇంకొకరి దిక్కు చూస్తుంది.

జీతం కింద నాలుగు సర్కార్లు

ముజఫర్ జంగ్ పోయిన చోటనే బుస్సీ ఇంకొకరిని నిజాం చేశాడు. అతడు పెద్దాయన మూడవ కొడుకు సలాబత్ జంగ్. అతడు కూడా అప్పటిదాకా అన్న దగ్గర బందీగా ఉన్నవాడే. గద్దె ఫ్రెంచివాళ్లు ఇచ్చింది. కాబట్టి పెత్తనం కూడా ఫ్రెంచివాళ్లదే.

ఇక ఢిల్లీలో ఉన్న పెద్ద కొడుకు ఘాజీయుద్దీన్ బయలుదేరాడు. మరాఠాల సాయం తీసుకొని 1752లో ఔరంగాబాదు చేరాడు. అక్టోబరులో అన్నం తిని చనిపోయాడు. అన్నంలో విషం పెట్టారని, పెట్టించింది సవతి తల్లి అని అప్పుడు చెప్పుకున్నారు. అతడు గద్దె ఎక్కనే లేదు.

సలాబత్ జంగ్‌కు పోటీ తగ్గింది. కాని ఫ్రెంచి సైన్యానికి జీతం ఇవ్వాలి. ఖజానాలో పైకం లేదు. 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను ఫ్రెంచివాళ్లకు రాసి ఇచ్చాడు. సర్కారు అంటే ఇప్పటి జిల్లా వంటిది. ఆ ఊళ్ల శిస్తు వాళ్లే వసూలు చేసుకోవాలి. పొలాన్ని షావుకారుకు రాసి ఇచ్చినట్టే అయింది.

బొబ్బిలి కథ చాలామంది విని ఉంటారు. ఆ కథకు మొదలు ఇక్కడే ఉంది. శిస్తు కోసం, పెత్తనం కోసం బుస్సీ ఆ సర్కార్లకు వెళ్లాడు. విజయనగరం రాజు అతని పక్షం చేరాడు. 1757 జనవరిలో ఇద్దరూ కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట పడిపోతుందని తెలిసి, లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపుకున్నారు. ఔరంగాబాదులో అన్నదమ్ములు కొట్లాడుకున్నారు. ఎక్కడో బొబ్బిలిలో పసిపిల్లలు చనిపోయారు.

ఒక పిల్లి పోయి ఇంకొక పిల్లి

1758లో ఫ్రెంచివాళ్లు బుస్సీని వెనక్కి పిలిచారు. ఇంగ్లీషువాళ్లు అదే అదను అనుకున్నారు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకున్నారు. నిన్న ఫ్రెంచివాళ్లను నమ్ముకున్న సలాబత్ జంగ్ ఇప్పుడు ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు.

బుస్సీ పోయాక సలాబత్ జంగ్‌కు అండ లేదు. తమ్ముడు నిజాం అలీ ఖాన్ బలం పెంచుకున్నాడు. 1762లో అన్నను బీదరు కోటలో బంధించాడు. మరుసటి ఏడు అన్న అక్కడే చనిపోయాడు. చంపించారని చెబుతారు. నిజాం అలీ ఖాన్ గద్దె ఎక్కాడు. అందరూ రెండవ నిజాం అని చెప్పేది ఇతన్నే. ఇతడు 1803 దాకా, నలభై ఏళ్లకు పైగా ఏలాడు. రాజధానిని హైదరాబాదుకు తెచ్చింది కూడా ఇతడే.

కొట్లాట ఆగింది. కాని పోయిన నేల తిరిగి రాలేదు. 1766 ఒప్పందంతో కోస్తా సర్కార్లు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. 1798లో ఇంగ్లీషు సైన్యాన్ని దగ్గర పెట్టుకోవడానికి నిజాం ఒప్పుకున్నాడు. దాని ఖర్చు ఏటా ఇరవై నాలుగు లక్షల రూపాయలకు పైనే. ఆ ఖర్చు కిందనే 1800లో కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు ఇచ్చేశాడు. తరువాత వాటికే రాయలసీమ అని పేరు వచ్చింది. ఇప్పుడు బళ్లారి కర్ణాటకలో ఉంది.

తెలంగాణ నిజాం కింద మిగిలింది. తెలుగు మాట్లాడే జనం రెండు ఏలుబడుల కింద పడ్డారు. అక్కడ ఒక చట్టం, ఇక్కడ ఒక చట్టం. అక్కడ ఒక నాణెం, ఇక్కడ ఒక నాణెం. 1948 సెప్టెంబరు 17 దాకా ఇట్లాగే సాగింది. అందుకే పెద్దలు అంటారు, పిట్టపోరు, పిట్టపోరు పిల్లి తీర్చిందని.

ఖర్చు ఎవరిది?

గద్దె ఎవరిదైనా ఖర్చు మాత్రం రైతుది. సైన్యం నడిస్తే వేల గుర్రాలు, ఏనుగులు, ఎడ్లు నడుస్తాయి. వాటికి గడ్డి కావాలి. సిపాయిలకు గింజలు కావాలి. లంబాడీలు ఎడ్ల మీద ధాన్యం మోసి సైన్యాలకు అందించేవారు. ఆ ధాన్యం రైతు కల్లం నుంచే రావాలి. శిస్తు పైకం కూడా అక్కడి నుంచే రావాలి. ఆంబోతుల కొట్లాటలో లేగలు నలిగినట్టు ఊళ్లు నలిగాయి. వడ్లు దంచే ఆడవాళ్లను, నాట్లు వేసే ఆడవాళ్లను "ఎవరు ఏలాలి?" అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నారు. 1952లో మన దేశంలో మొదటి ఎన్నికలు పూర్తి అయ్యాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ఆడవాళ్లు, మగవాళ్లు అందరికీ ఓటు వచ్చింది. 1989 నుంచి పద్దెనిమిది ఏళ్లకే ఓటు ఉంది. ఇప్పుడు కూడా గద్దె కోసం కొట్లాటలు ఉన్నాయి. పక్షాలు మారేవాళ్లు ఉన్నారు. ఎక్కించి కూలి అడిగేవాళ్లు ఉన్నారు. పైకం పంచి ఓటు కొనేవాళ్లు కూడా ఉన్నారు. రోము సిపాయిలు గద్దెను వేలం వేసినట్టే, ఓటు అమ్ముకుంటే మనమే గద్దెను వేలం వేసినట్టు.

కాని ఒక పెద్ద తేడా ఉంది. ఏలేవాణ్ణి దించడానికి ఇప్పుడు కత్తి అవసరం లేదు. విషం అవసరం లేదు. గడువు రాగానే అతడే వచ్చి ఇంటి ముందు నిలబడాలి. నాట్లు వేసే చేయి, వడ్లు దంచే చేయి నొక్కే మీట చాలు.

మాట్లాడుకోండి

1. ముజఫర్ జంగ్‌ను గద్దె ఎక్కించింది ఎవరు? దించింది ఎవరు? ఎందుకు?

2. కోస్తా సర్కార్లు పరదేశీయుల చేతికి ఎట్లా పోయాయి?

3. మీ ఊర్లో పాలోళ్ల తగాదాతో పొలం పోయిన ఇల్లు ఉందా? ముందే కాగితం రాసి ఉంటే ఏమయ్యేది?

4. బిడ్డకు కూడా ఆస్తిలో భాగం ఉందా? తెలిసినవాళ్లను అడిగి తెలుసుకోండి.