మలద్వార శస్త్రచికిత్స - నిగ్రహశక్తి - నమాజు

మలద్వారపు అంచున పడే చీలికను వైద్యులు ఫిషర్ అంటారు. గట్టి మలం వల్ల చర్మం చిట్లుతుంది. ఆ నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది. బిగుతు వల్ల రక్తప్రసారం తగ్గి పుండు మానదు. ఈ విషవలయాన్ని తెంచడానికే శస్త్రచికిత్స. లోపలి కండరాన్ని కొంతమేర కోసే పద్ధతిని 1951లో ఐజెన్‌హామర్ వివరించాడు. పక్కభాగాన కోసే పద్ధతిని 1969లో నోటారాస్ ప్రచురించాడు. దీర్ఘకాలపు చీలిక దీనితో నూటికి తొంభై మందికి పైగా మానుతుంది.

అయితే ఆ కండరం నిరర్థకమైనది కాదు. మనిషి నిద్రలో ఉన్నా మలద్వారాన్ని మూసి ఉంచే బిగుతులో అధికభాగం దానిదే. అందుచేత శస్త్రచికిత్స తర్వాత కొందరికి అపానవాయువును ఆపుకొనే శక్తి తగ్గుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1999లో ప్రచురించిన పరిశీలనలో, నూటికి 45 మందికి ఏదో ఒక దశలో నిగ్రహశక్తి ఎంతో కొంత తగ్గింది. సుమారు ఐదేళ్ల తర్వాత మాత్రం వాయువు విషయంలో 6 శాతానికి, బట్టకు మరకల విషయంలో 8 శాతానికి, గట్టి మలం విషయంలో 1 శాతానికి ఇబ్బంది మిగిలింది. తమ జీవితానికి ఇది ఆటంకమన్నవారు 3 శాతమే.

ఆటంకమనేది మనిషి జీవన విధానాన్ని బట్టి ఉంటుంది. వాయువు వెలువడటం ఇతరులకు కేవలం మొహమాటం కావచ్చు. రోజుకు ఐదు పూటలా నమాజు చేసే వ్యక్తికి దానితో వుజూ భంగమవుతుంది. సిగ్గుతో వైద్యునికి చెప్పుకోలేక, మస్జిదుకు వెళ్లడమే మానుకొనే ప్రమాదం ఉంది. షరీఅత్ అతన్ని ఇంత సంకటంలో వదిలివేయలేదు.

మొదటిది, సందేహంతో వుజూ పోదు. వాయువు వెలువడిందని నిశ్చయం కావాలి. రెండవది, హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఒక నమాజు వేళ పూర్తిగా గడిచినా, వుజూ చేసి ఫర్జు నెరవేర్చేంత విరామం కూడా దొరకనివాడు మాజూర్ అవుతాడు. ఆపై ప్రతి వేళలో ఒక్కసారైనా ఆ ఇబ్బంది కలుగుతున్నంతకాలం అతడు వేళకొక వుజూ చేసుకుంటే చాలు; ఆ కారణంగా మధ్యలో వుజూ భంగం కాదు. ఒక వేళంతా ఇబ్బంది లేకుండా గడిస్తే ఈ సడలింపు తొలగుతుంది. అప్పుడప్పుడు మాత్రమే వాయువు తప్పేవాడు మాజూర్ కాడు; అతడు మళ్లీ వుజూ చేయవలసిందే. మాజూర్ అయినవాడు ఆరోగ్యవంతులకు ఇమామత్ చేయరాదు. కనుక ఇమాము బాధ్యతలో ఉన్నవారు ఈ సంగతిని ముందే ఆలోచించుకోవాలి.

శస్త్రచికిత్సకు ఒప్పుకొనే ముందే తన ఆరాధనా నియమాలను వైద్యునికి చెప్పడం రోగి బాధ్యత. పీచుపదార్థం, నీరు, గోరువెచ్చని నీటిలో కూర్చోవడం, కండరాన్ని సడలించే లేపనాలు, బొటులినం సూదిమందు మొదలైనవి కోతకు ముందున్న మెట్లు. వీటితో నయమయ్యే అవకాశం కోతతో పోలిస్తే తక్కువే; కాని నిగ్రహశక్తికి శాశ్వత నష్టం అరుదు. ముఖ్యంగా కాన్పులో కండరం దెబ్బతిన్న స్త్రీలు ఆ విషయం దాచరాదు. దేహాన్ని కాపాడుకోవడం, ఆరాధనను నిలుపుకోవడం రెండూ అమానతులే. ఒకదాని కోసం రెండవదాన్ని వదులుకోనవసరం లేదు.