బ్రాట్స్‌లావ్ రబ్బీ నాఖ్మన్: కథలపై నిలిచిన సమాజం

ఒక గురువు గతించిన పిమ్మట ఆయన చుట్టూ చేరిన సమాజం నిలవడానికి లోకంలో సాధారణంగా రెండు మార్గాలు కనిపిస్తున్నవి. కుమారుడో మనుమడో పీఠాన్ని అధిష్ఠించడం ఒకటి. శిష్యులలో ముఖ్యుడు ఆ స్థానాన్ని అందుకోవడం రెండవది. తూర్పు ఐరోపాలోని యూదులలో 18వ శతాబ్దిలో పుట్టిన హసీద్ సంప్రదాయం కూడా ఈ మార్గాలనే అనుసరించినది. ఆ సంప్రదాయంలో ఒక శాఖ మాత్రం రెంటినీ కాదన్నది. 1810లో గతించిన తమ గురువు స్థానంలో ఆ శాఖవారు ఈనాటివరకు మరొకరిని కూర్చుండబెట్టలేదు. ఇతర హసీదులు వారిని 'చచ్చిన హసీదులు' అని ఎత్తిపొడిచినారు. రెండు శతాబ్దాలు గడచినవి. ఆ శాఖ నేటికీ సజీవంగానే ఉన్నది. ఆ గురువు బ్రాట్స్‌లావ్ రబ్బీ నాఖ్మన్. ఆయన పిమ్మట ఆ సమాజానికి ఆధారమైనవి ఒక శిష్యుని లేఖినియు, ఆ లేఖిని కాపాడిన మాటలును. ఆ మాటలలో 13 కథలు ఉన్నవి. రచన వృత్తిగా గలవారు ఈ వృత్తాంతాన్ని ఒకమారు తలచుకోదగినది.

నాఖ్మన్ 1772లో, నేటి ఉక్రెయిన్‌లోని మెజిబోజ్ పట్టణంలో జన్మించినాడు. హసీద్ సంప్రదాయానికి మూలపురుషుడైన బాల్ షెమ్ తోవ్ నివసించి, 1760లో గతించిన ఊరు అదే. నాఖ్మన్ తల్లి ఫేగా ఆ మహనీయుని దౌహిత్రి. పాండిత్యం లేని సామాన్యుడు కూడా భక్తిచేత, ఆనందంచేత, ప్రార్థనచేత దైవసన్నిధిని పొందగలడని బాల్ షెమ్ తోవ్ బోధించినాడు. అట్టివారికి దారి చూపే సిద్ధపురుషుని 'త్సాదిక్' అన్నారు. శిష్యులు ఆయనను 'రెబ్బే' అని పిలిచినారు. రెండు మూడు తరాలు గడిచేసరికి ఈ రెబ్బేల ఇండ్లు చిన్న ఆస్థానాలైనవి. పీఠాలు వంశపారంపర్యమైనవి, కానుకలు పెరిగినవి. ముత్తాత వెలిగించిన దీపం మసిబారుచున్నదని నాఖ్మన్‌కు యౌవనంలోనే తోచినది. వంశగౌరవాన్ని ఆసరాగా చేసుకొని సుఖంగా జీవించగలిగిన వాడు ఆ వంశాచారాన్నే విమర్శింపబూనినాడు.

పదమూడవ యేట సోసియా అనే బాలికతో వివాహమైనది. కొంతకాలం మామగారి ఊరిలో ఉండి, తరువాత మెద్వెదివ్కా అనే గ్రామంలో కాపురం పెట్టినాడు. అక్కడనే తొలి శిష్యులు చేరినారు. 1798లో ఉన్నట్టుండి పవిత్రభూమికి ప్రయాణమైనాడు. ఇంట ధనము లేదు. దారిలో నెపోలియన్ యుద్ధము. హైఫాలో దిగి, తిబేరియస్ నగరంలో కొన్ని నెలలుండి, 1799లో తిరుగుముఖం పట్టేసరికి ఫ్రెంచి సైన్యం అక్కా కోటను సమీపించినది. జనం తొక్కిసలాటలో ఆయనయు, ఆయన సహచరుడును పొరపాటున ఒక తురుష్క యుద్ధనౌక ఎక్కినారు. చివరకు రోడ్స్ ద్వీపంలోని యూదులు ధనం చెల్లించి వారిని విడిపించినారు. ఈ యాత్రకు పూర్వం తాను చెప్పిన బోధలను ఆయన అనంతరం అంతగా లెక్కపెట్టలేదు.

1800లో ఆయన జ్లాతోపోల్‌కు నివాసం మార్చినాడు. ఆ ప్రాంతంలో ష్పోలా వృద్ధుడని పేరుగాంచిన ప్రసిద్ధ గురువు ఉండేవాడు. ఇరువదియెనిమిదేండ్ల యువకుడు తన పొరుగున వచ్చి కూర్చుండడం ఆ వృద్ధునికి రుచించలేదు. నాఖ్మన్ మాటతీరు కూడా మృదువైనది కాదు. సమకాలికులైన గురువులను ఆయన పదునుగా విమర్శించినాడు; తన స్థానం సాటిలేనిదని సూచించడానికి వెనుదీయలేదు. విరోధం జీవితాంతం వెంటాడినది. తప్పంతా ప్రత్యర్థులదేనని శిష్యులు వ్రాసుకొన్నారు గాని, చరిత్రకారుడు అంత సులభంగా తీర్పు చెప్పలేడు.

1802లో ఆయన బ్రాట్స్‌లావ్ చేరినాడు. సమీపంలోని నెమిరోవ్ నుండి నాథన్ అనే యువకుడు ఆయనను చూడవచ్చినది ఆ సంవత్సరమే. నాథన్ 1780లో జన్మించినాడు; సంపన్నుల ఇంటి బిడ్డ, పండితుడు. మామగారు పేరుపొందిన రబ్బీ, హసీదులంటే గిట్టనివాడు. ఇంటివారి అయిష్టాన్ని సహించి నాథన్ ఈ గురువును ఆశ్రయించినాడు. గురువునకు ఆలోచనలు వెల్లువగా వచ్చేవి. వానికి రూపం కల్పించి నిలిపే ఓర్పు శిష్యునిది. బోధలు తరచు విశ్రాంతిదినమైన శనివారపు విందువద్ద సాగేవి. యూదుల ధర్మం ప్రకారం ఆనాడు వ్రాయరాదు. విన్నదంతా మనసున నిలుపుకొని, దినం గడచిన తరువాత కాగితంపై పెట్టవలసి ఉండేది. పైగా గురువు పలికినది ఇంటిభాషయైన ఈడిష్. శిష్యుడు వ్రాసినది శాస్త్రభాషయైన హీబ్రూ. ఆ విధంగా సిద్ధమైన బోధల సంపుటం 1808లో ఓస్త్రోగ్‌లో అచ్చయినది.

నాఖ్మన్ బోధలో సామాన్యులను ఆకట్టుకొన్నది ఏకాంత సంభాషణ. ప్రతిదినము ఒక గడియ ఒంటరిగా, సాధ్యమైతే పొలాలలోనో అడవిలోనో, దేవునితో మాట్లాడవలెనని ఆయన నియమం. గ్రంథంలోని ప్రార్థన చాలదు. మనిషి తన కష్టాన్ని తన మాటలలో, తల్లి నేర్పిన భాషలో చెప్పుకోవలెను. మాట రాకపోతే, రావడంలేదన్న సంగతినైనా చెప్పుకోవలెను. రెండవది ఆనందం. ఆయన స్వయంగా తీవ్రమైన దిగులుకు లోనయ్యేవాడు; నిరాశకు తావివ్వరాదని అంత గట్టిగా చెప్పడం ఆ అనుభవం నుండి వచ్చినదే.

1806 వేసవిలో ఆయన పసికుమారుడు ష్లోమో ఎఫ్రాయిమ్ మరణించినాడు. ఆ బిడ్డపై తండ్రి గొప్ప ఆశలు పెట్టుకొని ఉండెను. ఆ వేసవిలోనే నాఖ్మన్ కథలు చెప్పనారంభించినాడు. కథలు మనుష్యులను నిద్రపుచ్చుతవని లోకులు తలుస్తారు. ఆయన నిద్రలో ఉన్నవారిని మేల్కొల్పడానికి కథను చేపట్టినాడు. వ్యాఖ్యానంతో చేరలేని హృదయాన్ని రాజులు, రాకుమార్తెలు, యాచకులు, దొంగలు గల కథతో చేరవచ్చునని ఆయన అభిప్రాయం.

మొదటి కథ తప్పిపోయిన రాకుమార్తెది. కోపంలో తండ్రి నోట జారిన ఒక మాటచేత ఆమె మాయమగును. రాజమంత్రి ఆమెను వెదకుచు పోయి, కనుగొని, విడిపించే వేళకు ఒకమారు పండు తిని నిద్రపోవును. మరొకమారు ఊటనీరు ద్రాక్షారసంగా మారగా త్రాగి డెబ్బది సంవత్సరాలు నిద్రపోవును. రాకుమార్తె తన మేలిముసుగుపై కన్నీటితో లేఖ వ్రాసి విడిచి పోవును. మూడవమారు అతడు బంగారుకొండపై నున్న ముత్యాలకోటను చేరును. ఆమెను ఎట్లు విడిపించినాడో గురువు చెప్పలేదనియు, తుదకు విడిపించినాడనియు నాథన్ వ్రాసి ముగించినాడు. ఆ ఖాళీని పూరించడం ఆయనకు కష్టం కాదు, అయినా పూరించలేదు. ఆయన లేఖకధర్మం ఎట్టిదో ఈ ఒక్క చోటనే తెలియుచున్నది.

అంతకంటె కఠినమైన పరీక్ష కూడా ఆ శిష్యునికి ఎదురైనది. 1807లో సోసియా క్షయవ్యాధితో మరణించినది; నాఖ్మన్‌కు కూడా ఆ వ్యాధి సోకినది. 1808లో వైద్యంకోసం లెంబెర్గ్ నగరంలో ఉన్నప్పుడు, తన రచన ఒకదానిని కాల్చివేయుమని ఆయన ఇంటికి మనిషిని పంపినాడు. అంతకు ముందు గురువు చెప్పగా ఆ ప్రతిని వ్రాసినవాడు నాథనే. గ్రంథం అగ్నికి ఆహుతి అయినది. నేటికీ ఆ శాఖవారు దానిని 'కాలిన గ్రంథం' అనే పేరుతోనే తలచుకొంటారు.

1810 వసంతంలో చెప్పిన ఏడుగురు యాచకుల కథ ఆయన కథలన్నిటిలోను పెద్దది, చివరిది. అడవిలో తప్పిపోయిన ఇద్దరు పిల్లలకు ఏడుగురు యాచకులు ఒకరి తరువాత ఒకరు కనిపించి, రొట్టె పెట్టి, తమవలె కమ్మని దీవింతురు. ఒకడు గుడ్డివాడు, ఒకడు చెవిటివాడు, ఒకడు నత్తివాడు, ఒకడు మెడ వంకరవాడు, ఒకడు గూనివాడు, ఒకడు చేతులు లేనివాడు, ఒకడు కాళ్ళు లేనివాడు. పిల్లలు పెరిగి ఒకరినొకరు పెండ్లాడిన వేళ, దినమునకొకడుగా ఆ యాచకులు వచ్చి, తమ అవిటితనం అవిటితనం కాదని చూపే కథ చెప్పి కానుక ఇత్తురు. నత్తివాని కథ మరపురానిది. లోకపు ఒకకొన కొండపై ఊట ఉన్నది. రెండవకొన లోకహృదయం ఉన్నది. హృదయం ఊటకై అలమటించును. దగ్గరకు పోవుదమన్న కొండ శిఖరం కనుమరుగగును. ఊటకు తనదంటూ కాలం లేదు; హృదయం ఇచ్చే ఒక్క దినమే దాని ఆయువు. సాయంకాలం కాగానే రెండును పాటలతో వీడుకోలు చెప్పుకొనును. అప్పుడు మరొక దినం లభించును. లోకపు మాటలకే ఆ యాచకునికి నత్తి. నిజానికి అతని వాక్కుకు సాటి లేదు.

ఆరుగురు వచ్చినారు. ఏడవవాడైన కాళ్ళు లేనివాని కథను గురువు చెప్పలేదు. ఆ వసంతంలో బ్రాట్స్‌లావ్‌లో అగ్నిప్రమాదం జరిగి ఆయన ఇల్లు కాలిపోయినది. మే నెలలో ఆయన ఊమాన్ నగరానికి తరలినాడు. 1768నాటి మారణకాండలో వధింపబడిన వేలాది యూదుల సమాధులు అక్కడ ఉన్నవి. వారి చెంత విశ్రమించవలెనని ఆయన కోరిక. 1810 అక్టోబరు 16వ తేదీన, పర్ణశాలల పండుగ దినాలలో, ముప్పదియెనిమిదవ యేట మరణించినాడు. కుమారులు లేరు. వారసునిగా ఎవరిని నియమించలేదు.

ఇక భారం నాథన్‌పై పడినది. పీఠాన్ని ఆయన స్వీకరించలేదు. మరుసటి యూదు సంవత్సరాదికి శిష్యులను ఊమాన్‌లోని సమాధివద్ద సమావేశపరచినాడు. 1815లో 13 కథలను అచ్చువేయించినాడు: పుట పైభాగాన హీబ్రూ, క్రిందిభాగాన ఈడిష్. పండితుడు పైన చదువుకొనును, సామాన్య గృహిణి క్రింద చదువుకొనును, కథ ఒక్కటే. గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని ఎరిగిన మనకు ఆ పుట ఎంత సాహసమో సులభంగా బోధపడగలదు. ఆ ఈడిష్‌ను సంస్కరించి అందగింపజేయక, చెప్పిన తీరుననే నిలిపినాడు. 1830ల మధ్య సావ్రాన్ గురువు నాయకత్వాన ఈ శాఖపై తీవ్రమైన వ్యతిరేకత చెలరేగగా, నాథన్ నిర్బంధానికి గురియై, బ్రాట్స్‌లావ్ విడిచి పోవలసివచ్చినది. అయినను వ్రాత మానలేదు. 1844లో మరణించినాడు.

అనంతరం 1906లో మార్టిన్ బూబర్ ఈ కథలను జర్మన్ భాషలో స్వేచ్ఛగా తిరిగి చెప్పినందున ఐరోపా సాహిత్యలోకం నాఖ్మన్‌ను ఎరిగినది. ఈడిష్ రచయిత డెర్ నిస్టర్ తన ప్రతీకాత్మక కథలకు ఇక్కడినుండి ప్రేరణ పొందినాడు. సోవియట్ పాలనలో ఊమాన్ యాత్ర నిషిద్ధమైనది. 1941లో నాజీలు ఆ నగరపు యూదులను చంపివేసినారు. ఆ పాత శ్మశానం కూడ మిగులలేదు. సమాధి ఉన్న చోటును మాత్రం కొందరు జ్ఞాపకముంచుకొన్నారు. 1980ల చివర ద్వారాలు తెరచుకొన్న తరువాత సంవత్సరాదికి వేలు, పదివేలుగా యాత్రికులు రాసాగినారు. 2022లో యుద్ధం మొదలైన తరువాత కూడ ఆ రాక ఆగలేదు.

ఒక కథకుడు, ఒక లేఖకుడు కలిసి నిర్మించిన సమాజమిది. లేఖకుడు తన గొంతును కలిపి ఉంటే ఏడవ యాచకుడు ఏనాడో వచ్చి కథ చెప్పి పోయి ఉండును. కథ ముగిసినవారు లేచి ఇండ్లకు పోయి ఉందురు. మెస్సయ్య వచ్చినప్పుడే ఆ కథ వినగలమని నాథన్ వ్రాసిపెట్టినాడు. వారు ఇంకను వినడానికి కూర్చుండియే ఉన్నారు.