జిందా తిలిస్మాత్: అంబర్‌పేట్ కార్ఖానా చెప్పే కథ

తమ్ముడూ, చెల్లే, మీ ఇంట్ల అల్మారీల ఎర్రటి మందున్న చిన్న శీసా ఒకటి ఉండే ఉంటది. పడిశం పడితే వేడి నీళ్లల్ల కొన్ని చుక్కలు, నెత్తి నొస్తే నొసలికి ఇంత, దగ్గొస్తే రొమ్ముకు ఇంత. దాని పేరే జిందా తిలిస్మాత్. ఏ ఊరి కిరాణంల కొన్నా, అది తయారయ్యేది హైదరాబాద్ తూర్పు దిక్కున్న అంబర్‌పేట్‌ల. ఉప్పల్ నుంచి రామంతాపూర్ మీదుగ సిటీలకు పోతుంటే మనం దాటిపోయే బస్తీయే. అక్కడ జిందా తిలిస్మాత్ అంటే మందు పేరొక్కటే కాదు, జాగ పేరు సుత. ఆటోల కూసొని ఆ మాట అంటే చాలు.

ఉర్దూల జిందా అంటే ప్రాణమున్నది. తిలిస్మాత్ అంటే మాయలు, మహిమలు. ఈ మందును 1920 సంవత్సరంల హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలువెట్టిండు. హకీం అంటే యునానీ వైద్యుడు. యునాన్ అంటే గ్రీసు దేశం. అక్కడ పుట్టిన వైద్యం అరబ్బుల చేతుల మీదుగ మన దేశానికొచ్చింది, నిజాం రాజ్యంల సర్కారు అండ దొరికింది. చార్మినార్ పక్కన ఇప్పటికీ యునానీ దవాఖాన ఉన్నది, పోయి చూడుర్రి.

ఆ కాలం ఎట్లాంటిదో యాది చేసుకోవాలె. 1918ల వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంల కోటికి పైగా మందిని మింగింది. ఊర్లల్ల డాక్టర్ అనేటోడే లేడు. అసుంటప్పుడు జేబుల పట్టే శీసా, తక్కువ పైసలకు దొరికే శీసా వస్తే జనం ఎందుకు ఇడిసిపెడతరు?

ఇంతకు ఆ మాయ ఏంది? శీసాల ఎక్కువగ ఉండేది నీలగిరి తైలం. మన దిక్కు జామాయిల్ అంటమే, ఆ జాతి చెట్ల ఆకుల నుంచి తీస్తరు. దాంట్ల కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు కలుస్తయి. ఎరుపు రంగు రతన్‌జోత్ అనే ఏరుది. ఆ ఘాటుకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తది, నొసలు సల్లబడ్తది. అంటే మంత్రం కాదు, మొక్కల గుణం.

పెట్టె మీద నల్లటి వీరుడి బొమ్మ చూసిండ్రా? ఆయన హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్న సిద్దీ. నిజాం ఫౌజుల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని గుర్రపు దళం ఉండె. వాళ్లున్న బస్తీయే ఇయ్యాల్టి ఏసీ గార్డ్స్. బలానికి గుర్తుగ ఆ బొమ్మ ఊరూరు తిరిగింది. గని ఆ బొమ్మల మనిషి చరిత్ర ఎంతమందికి ఎరుక?

టీవీ లేని రోజులల్ల ఈ పేరును మోసింది గోడలు. నేను పెద్ద సదువులు సదివినోన్ని కాదు. గోడల మీద రాతలు కూడబలుక్కుంటనే అక్షరాలు పట్టుకున్న, అండ్ల ఈ పేరు సుత ఒకటి. ఇదే కార్ఖానా ఫారూఖీ టూత్ పౌడర్‌ను సుత ఇంటింటికి చేర్చింది. ఇదే హైదరాబాద్‌ల 1942ల పుట్టిన ఆల్విన్ మూతపడ్డది, డీబీఆర్ మిల్లు మూతపడ్డది. వేల కుటుంబాల బతుకుదెరువు పోయింది. అసుంటి పట్నంల ఒక బస్తీ కార్ఖానా నూరేండ్లు దాటి నిలబడుడు చిన్న ముచ్చట కాదు.

అయితే గర్వం ఒక దిక్కు, ఆరోగ్యం ఒక దిక్కు. ఈ మందుకు సరిగ్గ నూరేండ్లు నిండిన 2020లనే కరోనా వచ్చింది. ఇంటింట ఆవిరి పట్టుడు మొదలైంది. ముక్కు దిబ్బడ తీసుడు వేరు, వైరస్‌ను చంపుడు వేరు. ఈ రెండింటిని కలిపి ఫోన్ల పంపేటోళ్లను నమ్మకుర్రి. ఇంకో మాట: నీలగిరి తైలం, కర్పూరం చిన్నపిల్లల కడుపుల ఎక్కువ పోతే ఫిట్స్ రావచ్చు. ఇది ఏ కంపెనీ మందుకైనా వర్తించేదే. పసిపిల్లలకు డాక్టర్‌ను అడగకుంట తాగియ్యద్దు. పెద్దలు సుత పెట్టె మీది మోతాదు చదివే వాడాలె. శీసా పిల్లల చేతికి అందకుంట పెట్టాలె.

నాకు అర్థమైంది ఒక్కటే. మన అవ్వలు, తాతలు ఈ శీసాను అంతగ నమ్మింది మాయ మీద మోజుతోని కాదు. దవాఖాన దూరం, దుకాణం దగ్గర, అందుకు. ఇయ్యాల గూడ రాత్రి పూట జ్వరమొస్తే డాక్టర్ దొరకని ఊర్లు ఎన్ని లేవు? మూడు రోజులైనా జ్వరం తగ్గకపోతే, ఆయాసమొస్తే శీసా పక్కకు పెట్టి దవాఖానకు పోవాలె. అక్కడ డాక్టర్ లేకపోతే ఎందుకు లేడని నిలదీయాలె. పడిశానికి అంబర్‌పేట్ శీసా ఉన్నది. మిగిలిన రోగాలకు సర్కారు జవాబు చెప్పాలె.